స్టెరాయిడ్ నిరోధకత ఎవరిది?

సందేహం: మా చెల్లెలి కొడుక్కి ఎక్యూట్ లింఫోబ్లాస్టిక్ లుకేమియా (ఒక రకం రక్త క్యాన్సర్). ఆ జబ్బు గురించిన వ్యాసంలో ‘కొందరు పిల్లల్లో స్టెరాయిడ్ నిరోధకత ఎక్కువ’ అని చదివి, మావాడికీ అలాగే ఉంటే బాగుండునంది మా అమ్మ. పొరపాటు అమ్మదా, వ్యాసానిదా?

సమాధానం: అమ్మగారిది కానే కాదు. ‘నిరోధక’ అనగానే మనకు తట్టేది రోగనిరోధక శక్తి. అది ఎంతుంటే అంత మేలని టీకాల ప్రచారం నుంచి చ్యవనప్రాశ ప్రకటనల దాకా అందరూ చెవినేస్తూనే ఉన్నారు. ‘స్టెరాయిడ్ నిరోధక కణం’ అన్నప్పుడు చిక్కులేదు. స్టెరాయిడ్‌ను అడ్డుకునే కణమని విగ్రహవాక్యం. మిశ్రసమాసమని ముఖం చిట్లించేవాళ్ల సంగతి తర్వాత చూద్దాం. ‘పిల్లల్లో’ అనడంతోనే తంటా వచ్చింది. మందును అడ్డుకునేది లుకేమియా కణం. పిల్లవాడి ఒళ్లు కాదు.

ప్రెడ్నిసొలోన్, డెక్సామెథసోన్ లాంటి స్టెరాయిడ్లు (జిమ్ముల్లో కండల కోసం వాడేవి వేరు) కణంలో వాటిని పట్టుకునే గ్రాహకం (రిసెప్టర్) అనే ప్రోటీన్‌కు అతుక్కుంటాయి. స్టెరాయిడ్, గ్రాహకం కలిసి, కణం తనంతట తాను చచ్చేలా చేసే జన్యువులను మేల్కొలుపుతాయి. గ్రాహకం దెబ్బతిన్నా, బతికించే సంకేతాలు జోరుగా అందుతున్నా కణం చావదు. జర్మనీలో పుట్టిన బీఎఫ్ఎం (బెర్లిన్-ఫ్రాంక్‌ఫర్ట్-మ్యూన్‌స్టర్) చికిత్సలో వారంపాటు ప్రెడ్నిసోన్, వెన్నులోకి ఒక మెథోట్రెక్సేట్ ఇంజక్షన్ ఇచ్చి, 8వ రోజున రక్తం చూస్తారు. మైక్రోలీటరుకు బ్లాస్ట్ కణాలు (ఎదగని లుకేమియా కణాలు) 1,000 లోపుంటే జబ్బు లొంగుతున్నట్టు లెక్క.

ఈ ‘లొంగడం’ మనకు ఎప్పటినుంచో ఉన్నదే: మందుకు లొంగని జబ్బు, మొండి జబ్బు. ‘స్టెరాయిడ్లకు లొంగని లుకేమియా’ అని రాసి ఉంటే అమ్మగారు అలా కోరుకునేవారే కాదు. ‘మందు అలవాటు పడిపోయింది’ అని మాత్రం అనొద్దు. కొన్ని కణాలు తొలి మోతాదు నాటికే మొండివి, అలవాటయ్యే వ్యవధేదీ?

‘నిరోధకతను అధిగమించడం’ కూడా నాకు నచ్చదు. పరిశోధకులు చేస్తున్నది కణం మొండితనాన్ని విరిచే పని. బతికించే సంకేతాన్ని ఆపడానికి రుక్సోలిటినిబ్ అనే మందునో, చావును అడ్డుకునే బీసీఎల్-2 ప్రోటీన్‌ను కట్టేయడానికి వెనెటోక్లాక్స్ అనే మందునో స్టెరాయిడ్‌కు తోడు చేసి చూస్తున్నారు. కాబట్టి ‘కణాలను మళ్లీ స్టెరాయిడ్లకు లొంగదీయడం’ అనండి. మొదటినుంచీ లొంగని కణాలైతే ‘మళ్లీ’ తీసేయండి.