కిరాణా కొట్టు పెట్టాక ఇంటికి టైమ్ దొరకడం లేదు, ఏం చేయాలి?

మీరు రాసింది ఇదీ: కాలనీలో చిన్న సూపర్ మార్కెట్ పెట్టి రెండేళ్లయింది, ఉదయం ఆరింటికి తెరిస్తే మూసేసరికి రాత్రి పదకొండు, ఆదివారం కూడా సెలవు లేదు, పిల్లలు నిద్రపోయాక ఇల్లు చేరుతున్నారు, ఇంట్లో రోజూ గొడవ. దీనికి తోడు పక్క కాలనీలో రెండో బ్రాంచి పెట్టాలా వద్దా అన్న ఆలోచన. నేను తెనాలిలో మా నాన్నగారు మొదలుపెట్టిన కిరాణా కొట్టు నడుపుతున్నాను. నాకు పనికొచ్చినవి రాస్తాను, మీ కొట్టుకు సరిపడేవి తీసుకోండి.

ముందు ఒక లెక్క చూడండి. మీరు చెప్పిన టైమింగ్స్ ప్రకారం రోజుకు 17 గంటలు, వారానికి 119. మీ దగ్గర పనిచేసే కుర్రాడికైతే 1988 నాటి దుకాణాలు, సంస్థల చట్టం వారానికి 48 గంటల పని, ఒక రోజు సెలవు అంటుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ, అంతర్జాతీయ కార్మిక సంస్థ కలిసి 2021లో ఒక అధ్యయనం వెలువరించాయి. వారానికి 55 గంటలు, అంతకు మించి పనిచేసేవాళ్లకు, 35 నుంచి 40 గంటలు చేసేవాళ్లతో పోలిస్తే పక్షవాతం ముప్పు 35 శాతం ఎక్కువ, గుండెజబ్బుతో చనిపోయే ముప్పు 17 శాతం ఎక్కువ అని అందులో తేలింది. మీరు ఆ 55కి రెట్టింపు దాటిపోయారు. నాకూ నలభై దాటగానే బీపీ వచ్చింది, మధ్యాహ్నం భోజనం మూడున్నరకు తినే రోజుల్లో. ఇంట్లో గొడవ అని రాశారు గానీ, మీ ఆవిడ కోపం వెనక మీ ఆరోగ్యం గురించిన భయం కూడా ఉందేమో ఒకసారి అడిగి చూడండి.

ఇక కొట్టు సంగతి. మీరు గల్లా దగ్గర కూర్చున్న గంటలన్నీ బేరం తెచ్చే గంటలు కావు. మీ బిల్లింగ్ సాఫ్ట్‌వేర్‌లో గంటల వారీ రిపోర్టు ఉంటే తీసి చూడండి. లేకపోతే ఒక నెలపాటు నోటుబుక్కులో రాయండి. మా కొట్లో పొద్దున తొమ్మిదిన్నర దాకా పాలు, బ్రెడ్డు, గుడ్లు, రవ్వ కదులుతాయి. సాయంత్రం ఆరు నుంచి తొమ్మిది అసలు బేరం. మధ్యాహ్నం రెండు నుంచి నాలుగున్నర దాకా ఫ్యాను కింద కూర్చోవడమే. రాత్రి తొమ్మిదిన్నర దాటాక వచ్చేది పెరుగు ప్యాకెట్టు, దోమల కాయిల్, కూల్‌డ్రింకు. అది చూశాక తొమ్మిదిన్నరకే షట్టర్ దించడం మొదలుపెట్టాం. మొదట్లో కొందరు వచ్చి తిరిగి వెళ్లారు, తర్వాత వాళ్లే ముందుగా రావడం అలవాటు చేసుకున్నారు. ఒకరిద్దరు పక్క కొట్టుకు మారారు. మారినా నెలాఖరు లెక్కలో తేడా కనపడలేదు. పది నిమిషాల్లో సరుకు గుమ్మం ముందు పెట్టే యాప్‌లు వచ్చాక అర్ధరాత్రి దాకా తెరిచి ఉంచి వాళ్లతో పోటీ పడాలనుకోవడం మన ఒంటికి మనం చేసుకునే అన్యాయం. మన బలం వేరు. ఏ ఇంట్లో ఏ బియ్యం తింటారో, ఎవరికి ఏ బ్రాండు టీ పొడి కావాలో మనకు తెలుసు.

ఆదివారం పూర్తిగా మూయమని నేను చెప్పను. ఆదివారం పొద్దున మసాలాలకు, నూనెకు మంచి బేరం ఉంటుంది. ఒంటిగంటకు మూసేయండి, మళ్లీ సోమవారం పొద్దున్నే తెరవండి. ఆ ఒక్క పూట మా ఇంట్లో తెచ్చిన మార్పు ఇంత అని చెప్పలేను. అందరం కలిసి అన్నం తినడం అంతకుముందు పండగలకే జరిగేది.

ఇక్కడ ఒక విషయం ఒప్పుకోవాలి. రిటైల్ వ్యాపారంలో ఉన్నవాళ్లకు సాయంత్రాలు ఉండవు. పిల్లలు ట్యూషన్ నుంచి వచ్చే టైమూ, కొట్లో రద్దీ టైమూ ఒకటే. ఉద్యోగస్తులను చూసి మనమూ సాయంత్రం ఆరింటికి ఇంట్లో ఉండాలనుకుంటే ఎప్పుడూ అపరాధ భావనే మిగులుతుంది. కాబట్టి పొద్దుటి పూట పట్టుకోండి. పాల బేరం కుర్రాడికి అప్పజెప్పి, పిల్లలకు జడలు వేసే వేళకు, బాక్సులు సర్దే వేళకు ఇంట్లో ఉండండి, స్కూల్ దాకా మీరే దింపండి. మా అమ్మాయి చెప్పే కబుర్లన్నీ స్కూటర్ మీదే వింటాను. మధ్యాహ్నం రెండున్నర గంటలు కూడా మీవే. భోజనం చేసి కాసేపు నడుం వాల్చండి. పాత కొట్లవాళ్లు మధ్యాహ్నం సగం షట్టర్ దించుకునేవారు, వాళ్లకేమీ నష్టం రాలేదు.

ఊరెళ్లడానికైతే నెలలో చివరి వారం చూసుకోండి. ఒకటో తారీఖు నుంచి పదో తారీఖు దాకా నెల సరుకుల చీటీలు వస్తాయి, అప్పుడు కదలలేం. ఇరవై నాలుగు దాటాక జీతాలు అయిపోయి జనం అరకిలో, పావుకిలో కొంటారు. సంక్రాంతి, దసరా ముందు వారాలు ఎలాగూ వదలలేం. శ్రావణ మాసంలో పెళ్లిళ్లు, వరలక్ష్మీ వ్రతం కలిసి వస్తాయి. ఆషాఢంలో ముహూర్తాలు ఉండవు కాబట్టి మేం తిరుపతి వెళ్లేది అప్పుడే.

ఇవన్నీ జరగాలంటే మీరు లేకపోయినా కొట్టు నడవాలి. అసలు పని ఇదే. చిన్న కొట్లలో ధరలు, అరువు ఖాతాలు, ఏ సరుకు ఎప్పుడు తెప్పించాలన్నది అన్నీ యజమాని బుర్రలో ఉంటాయి. అందుకే గంటకోసారి ఫోన్ వస్తుంది. విడి సరుకుల ధరలు పొద్దున్నే బోర్డు మీద రాయించండి. అరువు ఎవరికి ఎంతవరకు ఇవ్వాలో పుస్తకంలో ముందే రాసి పెట్టండి, అది దాటితే ఇవ్వకూడదని కుర్రాడికి చెప్పండి. కంపెనీల సేల్స్‌మెన్‌ను వారంలో రెండు రోజులే, పదకొండు నుంచి ఒంటిగంట మధ్యే రమ్మనండి. మొదట గునుస్తారు, తర్వాత సర్దుకుంటారు. విజయవాడ పక్కన గొల్లపూడి హోల్‌సేల్ మార్కెట్‌కు ప్రతిసారీ నేనే వెళ్లాలన్న పట్టుదల కూడా వదిలాను. పప్పులు, మిర్చి నాణ్యత చూడాల్సినప్పుడు మాత్రం వెళ్తాను, మిగతావి ఫోన్‌లో చెబితే ట్రాన్స్‌పోర్ట్‌లో వచ్చేస్తాయి. రాత్రి తొమ్మిదిన్నర తర్వాత వాట్సాప్‌లో వచ్చే ఆర్డర్లకు, పొద్దున పంపుతామని దానంతట అదే జవాబు వెళ్లేలా వాట్సాప్ బిజినెస్‌లో పెట్టుకోవచ్చు.

గల్లా అప్పగించడానికే అందరికీ భయం. నాకూ ఉండేది. ఇప్పుడు సగం పైగా డబ్బు స్కానర్ మీదే వస్తోంది, అది నేరుగా బ్యాంకు ఖాతాలో పడుతుంది. మిగిలిన నగదు పూటకోసారి బిల్లులతో సరిచూసుకుంటే చాలు. ఖరీదైన వస్తువులు కొన్నిటిని వారానికోసారి లెక్కపెట్టండి. నమ్మకస్తుడు దొరికితే జీతం కాస్త ఎక్కువే ఇచ్చి నిలబెట్టుకోండి.

జీఎస్టీ పనికి రాత్రిళ్లు మేలుకోవద్దు. టర్నోవర్ కోటిన్నర లోపు ఉంటే చిన్న వ్యాపారులకు జీఎస్టీని తేలిక చేసే కాంపోజిషన్ పథకం గురించి మీ అకౌంటెంట్‌ను అడగండి. నెలనెలా 11న, 20న రిటర్నులు వేసే పరుగులు ఉండవు, మూడు నెలలకోసారి కడితే సరిపోతుంది. కొన్నదాని మీద కట్టిన పన్ను మాత్రం వెనక్కి రాదు, వేరే రాష్ట్రానికి సరుకు అమ్మకూడదు. కాలనీ కొట్టుకు రెండోది ఎలాగూ అడ్డు కాదు.

ఇంకో మాట గట్టిగా చెప్పాలి. కొట్టు తేలిక చేసుకోవడమంటే ఆ భారం ఇంటావిడ మీద వేయడం కాదు. మధ్యాహ్నం కాసేపు కౌంటర్‌లో కూర్చోమంటాం. ఆవిడ అప్పటికే వంట, పిల్లలు, అత్తమామల మందులు చూసుకుని వచ్చి ఉంటుంది. మనం దాన్ని ఖాళీ టైమ్ అనుకుంటాం. ఆవిడకు ఇష్టమై కూర్చుంటే కొట్టు లెక్కల్లో జీతంగా రాసి, ఆవిడ ఖాతాలో వేయండి, ఇంటి పనికి మనిషిని పెట్టండి. కొట్లో పక్కపక్కన నిలబడి సరుకు కట్టడాన్ని కలిసి గడిపిన సమయంగా లెక్క వేసుకోవద్దు.

మనిషిని పెట్టుకునేంత ఆదాయం లేదంటారా? అప్పుడు సమస్య టైమ్‌ది కాదు, మార్జిన్‌ది. కంపెనీ ప్యాకెట్ల మీద మనకు మిగిలేది తక్కువ. విడి పప్పులు, మసాలా దినుసులు, జీడిపప్పు, కిస్‌మిస్ లాంటివి బాగుచేసి శుభ్రంగా ప్యాక్ చేసి అమ్మితే ఎక్కువ మిగులుతుంది. ఒక కుర్రాడి జీతం అందులోంచే వస్తుంది.

రెండో బ్రాంచి గురించి నా సలహా: ఇప్పుడే వద్దు. ఒక నెల మొదటి వారం, సరుకుల చీటీలు కుప్పగా వచ్చే రోజుల్లో, మీరు ఇంట్లోనే ఉండి మీ కొట్టు నడుస్తుందేమో చూడండి. ఫోన్లు రాకుండా, గల్లా లెక్క తేడా రాకుండా ఆ వారం గడిస్తే అప్పుడు అద్దెలు వాకబు చేయండి.