పేనుకొరుకుడుకు ట్రాన్స్‌ప్లాంట్ ఎందుకండీ?

మీ తమ్ముడికి తల వెనక రూపాయి బిళ్లంత మేర జుట్టు ఊడిందని, నెలన్నరలో పెళ్లని, బెంజి సర్కిల్ వైపు ఒక క్లినిక్‌లో ట్రాన్స్‌ప్లాంట్ చేయించమన్నారని రాశారు. ముందు అడ్వాన్స్ కట్టకండి.

గుండ్రంగా, నున్నగా, పొట్టు లేకుండా ఊడిందంటే పేనుకొరుకుడు అనిపిస్తోంది. డాక్టర్లు అలోపీషియా ఏరియాటా అంటారు. మన రోగనిరోధక వ్యవస్థే వెంట్రుకల కుదుళ్ల మీద దాడి చేస్తుంది, కానీ కుదుళ్లు చావవు. అందుకే చిన్న మచ్చైతే చాలామందికి ఏడాదిలోపు జుట్టు దానంతటదే వస్తుంది. జబ్బు ఆగకుండా నాటిస్తే నాటిన జుట్టూ ఊడొచ్చు. ట్రాన్స్‌ప్లాంట్ బట్టతలకి సరే, అక్కడ కూడా మినాక్సిడిల్ లాంటి మందులు వాడి చూశాకే.

చర్మవ్యాధుల డాక్టర్‌కి చూపించండి. విజయవాడ, గుంటూరు ప్రభుత్వ పెద్దాసుపత్రుల్లోనూ (జీజీహెచ్) ఆ విభాగం ఉంది. సాధారణంగా 4-6 వారాలకోసారి మచ్చలోకి స్టెరాయిడ్ ఇంజెక్షన్ ఇస్తారు. గురివింద గింజ నూరి రాయమనే పెద్దవాళ్లు మీ ఇంట్లోనూ ఉండే ఉంటారు. అది విషం, పుండ్లు పడతాయి, వద్దు.

పెళ్లిలోపు మచ్చ పూర్తిగా నిండుతుందని ఆశ పెట్టుకోకండి. జుట్టు ఒత్తుగా కనబడేలా చల్లుకునే హెయిర్ ఫైబర్ పొడి నున్నటి చర్మం మీద నిలవదు, అతుక్కోవడానికి కాస్తయినా జుట్టుండాలి. ఇప్పటినుంచీ పై జుట్టు కత్తిరించకుండా వెనక్కి దువ్వితే చాలు. మచ్చ పెద్దదైతే టేపుతో అంటించే హెయిర్ ప్యాచ్ ఉంది.

కొత్త మచ్చలు వస్తున్నా, కనుబొమలు ఊడుతున్నా ఈ వారమే వెళ్లండి.