తలుపుకి తాళం ఉంటే

చిన్నీ,

నిన్న రాత్రి మీ నాన్న ఫోన్ చేసి, నీకు బీఎల్వో (బూత్ లెవెల్ ఆఫీసర్) డ్యూటీ, అదే ఇల్లిల్లూ తిరిగి ఓటర్ల లిస్టు సరిచూసే పని వేశారని, తప్పించుకునే దారి ఉన్నా నువ్వే ఒప్పుకున్నావని చెప్పాడు. "నువ్వైనా దానికి చెప్పవే అక్కా" అన్నాడు. సరేలే అన్నాను గానీ, ఫోన్ పెట్టేశాక గర్వంగానే అనిపించింది. ఆ తర్వాత ఒకటే టెన్షన్, నిద్ర పట్టలేదు. నోటితో చెబితే "సరే అత్తా, సరే అత్తా" అంటూ సగమే వింటావు కాబట్టి రాస్తున్నాను.

ఫారాల సంగతి ట్రైనింగ్‌లో ఎలాగూ చెబుతారు: కొత్త పేరుకి 6, తీసెయ్యడానికి 7, అడ్రసు మార్పుకీ తప్పులు దిద్దడానికీ 8. వయసుకి పదో తరగతి సర్టిఫికెట్టు, అడ్రసుకి కరెంటు బిల్లు చాలు. ఆధార్ ఇస్తే తీసుకో, ఇవ్వలేకపోయారని మాత్రం దరఖాస్తు తోసెయ్యకు, చట్టం ఒప్పుకోదు. గొడుగు పట్టుకెళ్ళు.

ఓటేసేటప్పుడు కార్డు చూపించమనడం అంత అవసరమా అని ఆ మధ్య పండక్కి వచ్చినప్పుడు నాతో వాదించావు గుర్తుందా? అవసరమేనే. 1993లో ఎన్నికల కమిషనర్ శేషన్ గారు ఫొటో కార్డులు పెట్టించకముందు, చీటీ పట్టుకొచ్చి ఏ పేరు చెబితే వాళ్ళు ఆ మనిషే. మీ తాతయ్య ఒకసారి బూత్‌కి వెళ్ళేసరికి ఆయన ఓటు ఎవరో వేసేసి పోయారు. టెండర్ ఓటు అని కాగితం ఇచ్చి, ఆయన ముద్ర వేశాక విడిగా ఒక కవర్లో పెట్టారు. ఆ కవర్లో ఓట్లు మామూలుగా లెక్కపెట్టరని తెలిసి, రెండు రోజులు ఇంట్లో ఎవరితోనూ మాట్లాడలేదు ఆయన. అది ఒక రకం అన్యాయం. రెండో రకం నా చేతుల మీదుగా జరిగింది. మీ నాన్నకి కూడా తెలియదు.

2004 ఎన్నికలకి ముందు సంగతి. మేం విశాఖలో లాసన్స్ బే కాలనీలో ఉండేవాళ్ళం. టీచర్లని ఎన్యూమరేటర్లుగా వేసి, ఓటర్ల లిస్టు ఇచ్చి ఇల్లిల్లూ తిరగమన్నారు. నాకు పెదజలారిపేటలో కొన్ని వీధులు పడ్డాయి. బడి ఒంటిపూటే అడిగి, పదింటికల్లా అక్కడ ఉండేదాన్ని. ఒక ఇంటికి రెండుసార్లు వెళితే రెండుసార్లూ తాళమే. పక్కింటి ముసలామె వల బాగుచేసుకుంటూ, తలెత్తకుండానే "ఎల్లిపోనారమ్మా" అంది. నేను లిస్టులో ఆ ఇంటి నలుగురి పేర్ల పక్కనా "షిఫ్టెడ్" అని రాసేశాను.

వాళ్ళు వెళ్ళింది ఫిషింగ్ హార్బరుకి! తెల్లవారకముందే వెళ్ళి, వేలంలో చేపలు పాడుకుని, తట్టలో పెట్టుకుని ఊరంతా తిరిగి సాయంత్రానికి గానీ ఇల్లు చేరని మనుషులని పదింటికి వెళ్ళి వెతికాను. ఎక్కడికి వెళ్ళారు, ఎప్పుడొస్తారు అని ఒక్క మాట అడగలేదు. ఎండ మండిపోతోంది, ఇంకా నలభై ఇళ్ళున్నాయి. పేరు తీసేముందు నోటీసు ఇవ్వాలంటారు. ఇచ్చినా ఆ తాళం వేసిన తలుపుకే వెళ్ళి ఉంటుంది.

పోలింగ్ రోజు మధ్యాహ్నం మాకు చేపలు వేసే ఆమె వచ్చింది. తట్ట దించి కానాగంతలు ఏరుతుంటే, ఎడమచేతి చూపుడువేలు చూశాను. పొలుసు అంటుకుని ఉంది గానీ సిరా లేదు. "ఓటెయ్యలేదా?" అన్నాను. కొంగు ముడి విప్పి, ప్లాస్టిక్ కవర్లో చుట్టిన కార్డు తీసి చూపించింది. "కార్డుంది గానీ లిస్టులో పేరు నేదన్నారమ్మా. మా ఇంట్లో ఎవులికీ నేదంట" అంది. కార్డు మీద డోర్ నంబరు చదివాను. నా చేతిరాతే కళ్ళ ముందు కనిపించింది.

అది నేనే చేశానని ఆమెకి చెప్పలేదు. మర్నాడు ఫారం 6 నాలుగు తెచ్చి నింపించి, నేనే పట్టుకెళ్ళి ఇచ్చాను. ఆ వారం ఆమె కొసరుగా నాలుగు చేపలు ఎక్కువ వేసింది, వద్దంటే వినలేదు. ఆ పూట పులుసు మీ మావయ్య ఒక్కరే తిన్నారు.

అందుకే చెబుతున్నా, తాళం ఉంటే వేళ మార్చి వెళ్ళు, ఆదివారం వెళ్ళు. ఎవరైనా ఫారం 7లు కట్టగా తెచ్చి "ఇవన్నీ తీసెయ్యండి మేడం" అంటే, ఒక్కొక్క ఇంటికీ నువ్వే వెళ్ళి చూసి రాయి. తప్పుడు డిక్లరేషన్‌కి ఏడాది దాకా జైలు ఉందని వాళ్ళకి నవ్వుతూనే గుర్తుచెయ్యి. గొడవ మాత్రం పెట్టుకోకు.

నా భయం ఇంకొకటుంది. ఇల్లు లేనివాళ్ళు దరఖాస్తు పెడితే అడ్రసు కాగితం అక్కర్లేదు. బీఎల్వోనే రాత్రిపూట వెళ్ళి, వాళ్ళు నిజంగా అక్కడే పడుకుంటున్నారా అని చూడాలి, అదీ ఒకటికి మించి రాత్రులు. తెలుగుతల్లి ఫ్లైఓవర్ కిందికో, మరో చోటికో ఒంటరిగా వెళ్ళావంటే నేనూరుకోను. మీ తమ్ముణ్ణి బండి తియ్యమను. వాడు విసుక్కుంటే నాకు ఫోన్ చెయ్యమను. వెళ్ళడం మాత్రం మానకు.

పోలింగ్ రోజు బూత్ బయట కూర్చుంటావు కదా. ఓటరు స్లిప్పు ఒక్కటే పట్టుకొచ్చినవాళ్ళని క్యూలోకి వెళ్ళకముందే ఆపి చెప్పు, 2019 నుంచీ అది గుర్తింపు కింద చెల్లదని. కార్డు లేకపోతే ఆధార్, ఫొటో ఉన్న బ్యాంకు పాస్‌బుక్, లైసెన్సు, ఉపాధి హామీ జాబ్ కార్డు, స్టీల్ ప్లాంట్ వాళ్ళయితే వాళ్ళ ఐడీ కార్డు, ఏదైనా చాలు. పేరులో ఒక అక్షరం అటూ ఇటూ అయితే పంపెయ్యక్కర్లేదు.

నీ పార్టులో, అంటే నీకిచ్చిన లిస్టులో, పెదజలారిపేట కూడా ఉందని మీ నాన్న అన్నాడు. ఆ చేపలామె పేరు, డోర్ నంబరు వేరే చీటీ మీద రాసి ఇందులో పెట్టాను. మేం భీమిలి వచ్చేశాక మళ్ళీ చూడలేదు, డెబ్బై దాటి ఉంటుంది. పేరు ఉందో లేదో చూసి చెప్పు. సాయంత్రం ఆరు దాటాక వెళ్ళు. నా సంగతి మాత్రం చెప్పకు.

మీ అత్త