‘ఐ సెలెక్టెడ్’ అంటే సెలెక్ట్ అయ్యానని కాదు

ప్రశ్న: బడిలో పాసివ్ వాయిస్ అని పేజీలకు పేజీలు తిప్పి రాయించారు. రోజూ మాట్లాడే ఇంగ్లీషులో దానితో పనుందా? వదిలేస్తే ఏమవుతుంది?

వదిలేస్తే మాట తలకిందులవుతుంది. బడిలో రాయించిన రూపంతో మాత్రం పెద్దగా పని లేదు. ‘రామా ఈట్స్ ఎ మ్యాంగో’ని ‘ఎ మ్యాంగో ఈజ్ ఈటెన్ బై రామా’గా మార్చడం ఒక్క మార్కు కోసం చేసే కసరత్తు. ఇంగ్లీషువాళ్ళ ఇంట్లో మామిడిపండు గురించి ఎవరూ అలా మాట్లాడరు.

ఉద్యోగం కోసం ఇంటర్వ్యూకి వచ్చిన కుర్రాడు ఇలా అన్నాడనుకోండి: ‘లాస్ట్ ఇయర్ ఐ సెలెక్టెడ్ ఇన్ ఎ కంపెనీ. బట్ ఐ రిజెక్టెడ్ ఇన్ మెడికల్. దెన్ ఐ టోల్డ్ టు వెయిట్.’ అతని మనసులో ఉన్నది స్పష్టంగానే ఉంది: సెలెక్ట్ అయ్యాను, మెడికల్‌లో రిజెక్ట్ అయ్యాను, ఆగమన్నారు. తెలుగు రానివాడికి వినిపించేది వేరు: నేను ఎంచుకున్నాను, నేనే కాదన్నాను, ఎవరినో ఆగమన్నాను. మూడు వాక్యాల్లోనూ పని చేసినవాడూ, ఆ పని ఎవరి మీద జరిగిందో ఆ మనిషీ తారుమారయ్యారు. సరిచేయడానికి కావలసింది ప్రతి వాక్యంలో ఒక్క ‘వజ్’: ‘ఐ వజ్ సెలెక్టెడ్, ఐ వజ్ రిజెక్టెడ్, ఐ వజ్ టోల్డ్ టు వెయిట్.’ ఆ ‘వజ్’ పలికేటప్పుడు సగం మింగేస్తారు, అందుకే మన చెవికి అందదు. చెవికి అందనిది నోటికి రాదు.

దీనికి మూలం మన ‘అవు’ క్రియ. ఇంగ్లీషు మాట తెచ్చుకుని పక్కన ‘అయ్యాను’ పెడితే తెలుగులో పనైపోతుంది: సెలెక్ట్ అయ్యాను, కన్ఫ్యూజ్ అయ్యాను, సస్పెండ్ అయ్యాడు, అరెస్ట్ అయ్యాడు. తిరిగి ఇంగ్లీషులోకి వెళ్ళేటప్పుడు ఆ ‘అయ్యాను’ని ఇక్కడే వదిలేసి వెళ్తున్నాం. ‘ఐ కన్ఫ్యూజ్డ్’ అని ఆపేస్తే ఎదుటివాడు ‘ఎవర్ని?’ అనుకుంటాడు.

అలాగని ప్రతి ‘అయ్యాను’కీ ‘వజ్’ తగిలించకూడదు. పాస్ అయ్యాను అంటే ‘ఐ పాస్డ్’, రిటైర్ అయ్యాను అంటే ‘ఐ రిటైర్డ్’. పరీక్ష చిన్నదే: ‘అయ్యాను’ తీసేసి ‘నన్ను చేశారు’ పెట్టి చూడండి. నన్ను సెలెక్ట్ చేశారు, అతన్ని సస్పెండ్ చేశారు. అతికింది కాబట్టి పాసివ్. నన్ను పాస్ చేశారు అంటే అర్థమే మారిపోయింది, కాబట్టి కాదు. అన్నిటికంటే మోసం చేసేది ‘హాస్పిటల్లో జాయిన్ అయ్యాను’. దాన్ని ‘ఐ జాయిన్డ్ ఎ హాస్పిటల్’ అంటే అక్కడ ఉద్యోగంలో చేరానని అర్థం. పేషెంటుగా చేరితే ‘ఐ వజ్ అడ్మిటెడ్’.

ఇదే ‘అయింది’ రెండోవైపు కూడా ముంచుతుంది. యాక్సిడెంట్ అయింది కదా అని ‘ది యాక్సిడెంట్ వజ్ హాపెండ్’ అంటారు. హాపెన్, డై, అరైవ్, డిసప్పియర్, బిలాంగ్: వీటికి కర్మ ఉండదు, కర్మ లేనిదానికి పాసివ్ లేదు. ‘ఇట్ హాపెండ్’, అంతే. ‘ఇట్ ఈజ్ బిలాంగ్స్ టు మీ’లో ఆ ‘ఈజ్’కి కూర్చునే చోటే లేదు.

ఇక తెలుగులో పాసివ్ అనగానే అందరూ ‘బడు’ వైపు పరిగెడతారు. ఇచ్చట ఇళ్ళు అద్దెకు ఇవ్వబడును, జిరాక్స్ తీయబడును అన్న బోర్డుల దగ్గర అది అందంగానే ఉంటుంది. మాటల్లో మనం ‘బడు’ అనం. కర్తను చెప్పకుండా ‘రు’తో ముగిస్తాం. బండి ఎత్తుకుపోయారు. రోడ్డు మూసేశారు. జీతం పెంచారు. ఎవరు? తెలియదు, లేదా చెప్పక్కర్లేదు. ఇంగ్లీషు పాసివ్ నిజంగా నివసించే ఇల్లు ఇదే. ‘మై బైక్ వజ్ స్టోలెన్.’ ‘ది రోడ్ హాజ్ బీన్ క్లోజ్డ్.’ చూశారా, ‘బై’ ఎక్కడా లేదు. ఇంగ్లీషులో వాడే పాసివ్ వాక్యాల్లో అత్యధిక భాగం ‘బై’ లేనివే. దొంగ పేరు తెలిస్తే ‘బై’ పెట్టి పాసివ్ చెప్పనక్కర్లేదు, దొంగతోనే వాక్యం మొదలుపెట్టవచ్చు. ‘బై’ మీద అంత సాధన చేయించి, అది లేని వాక్యాన్ని పాఠం చివర ఒక్క ముక్కలో తేల్చేయడం వ్యాకరణ పుస్తకాలు పిల్లలకు చేసిన అన్యాయం అని నా గట్టి అభిప్రాయం.

‘నాకు’తో మొదలయ్యే వాక్యాల్లో మరో చిక్కుంది. నాకు రెండు రోజులు సెలవిచ్చారు: ‘ఐ వజ్ గివెన్ టూ డేస్ లీవ్.’ నాకు చెప్పలేదు: ‘ఐ వజ్ నాట్ టోల్డ్.’ తెలుగులోని ‘నాకు’ అక్కడ ‘ఐ’గా మారి ముందుకొచ్చి కూర్చుంటుంది. గివ్, టెల్, ఆఫర్, పే, షో, ఆస్క్ దీనికి ఒప్పుకుంటాయి. ఎక్స్‌ప్లెయిన్ ఒప్పుకోదు. ‘ఐ వజ్ ఎక్స్‌ప్లెయిన్డ్ ది ప్రాసెస్’ మన ఆఫీసుల్లో చాలా వినిపిస్తుంది, కానీ తప్పు. ‘ది ప్రాసెస్ వజ్ ఎక్స్‌ప్లెయిన్డ్ టు మీ’ అనాలి. సజెస్ట్ కూడా ఎక్స్‌ప్లెయిన్ లాంటిదే. ‘గంటసేపు ఆపేశారు’ అనడానికి మేక్ వాడితే ఒక ‘టు’ కొత్తగా పుడుతుంది: ‘దే మేడ్ మీ వెయిట్’, కానీ ‘ఐ వజ్ మేడ్ టు వెయిట్.’

మన భాషలో ‘ఇంచు’ అని చక్కని పనిముట్టుంది. బండి రిపేరు చేశాను, బండి రిపేరు చేయించాను. ఆ చిన్న తేడాతో పని చేసిన చెయ్యి మారిపోయింది. ఇంగ్లీషులో ఆ తేడా క్రియలో ఉండదు, వరసలో ఉంటుంది. ‘ఐ రిపేర్డ్ మై బైక్’ అంటే పానా పట్టుకుని మీరే చేశారు. చేయించానంటే బండిని మధ్యలోకి తెచ్చి క్రియ మూడో రూపాన్ని చివర పెట్టాలి: ‘ఐ గాట్ మై బైక్ రిపేర్డ్.’ కటింగ్ చేయించుకున్నాను: ‘ఐ గాట్ మై హెయిర్ కట్.’ పన్ను పీకించుకున్నాను: ‘ఐ హాడ్ ఎ టూత్ టేకెన్ అవుట్.’ వీటిని ‘ఐ కట్ మై హెయిర్’ అన్నట్టు చెప్తే అద్దం ముందు మీరే కత్తెర పట్టుకున్నట్టు. గాట్ కొంచెం వాడుక మాట, హాడ్ కొంచెం మర్యాద మాట. స్నేహితులతో గాట్ చాలు. గాట్ స్టక్, గాట్ కాట్, గాట్ చీటెడ్ లాంటివి చెడు జరిగినప్పుడు బాగా నప్పుతాయి.

గ్లాసు సంగతి కూడా చెప్పాలి. పగిలింది, పగలగొట్టారు అని మనకు రెండు క్రియలు. ఇంగ్లీషుకు బ్రేక్ ఒక్కటే. పగిలింది అంటే ‘ది గ్లాస్ బ్రోక్’. ‘వజ్ బ్రోకెన్’ అంటే ఎవరో పగలగొట్టారన్న అనుమానం తొంగిచూడవచ్చు, లేదా అప్పటికే పగిలి ఉందన్న స్థితి కావచ్చు. చేతిలోంచి జారిన గ్లాసుకి ‘బ్రోక్’ చాలు.

మాటల్లో పాసివ్ తక్కువన్నది నిజమే. 1999లో లాంగ్‌మన్ ప్రచురణ సంస్థ తెచ్చిన పెద్ద ఇంగ్లీషు వ్యాకరణ పుస్తకం లెక్క ప్రకారం సంభాషణలోని క్రియల్లో పాసివ్ 2 శాతం దగ్గర, పరిశోధనా రచనల్లో 25 శాతం దగ్గర ఉంటుంది. రెండు శాతమే కదా అని వదిలేయకండి, ఎందుకంటే చుట్టూ వినపడే ప్రకటనల్లో మాత్రం అది దండిగా ఉంటుంది. సికింద్రాబాద్ స్టేషన్లో నిలబడి బండి ఆలస్యం ప్రకటన రెండు భాషల్లో వినండి. తెలుగులో ‘అసౌకర్యానికి చింతిస్తున్నాము’. అందులో ‘ము’ ఉంది, అంటే చింతించే మనిషి ఉన్నాడు. ఇంగ్లీషులో ‘ది ఇన్‌కన్వీనియన్స్ కాజ్డ్ ఈజ్ డీప్లీ రిగ్రెటెడ్’. కలిగించింది ఎవరో లేదు, చింతించేది ఎవరో లేదు. ఒకే ప్రకటన, ఒకే ప్లాట్‌ఫారం. పాసివ్ ఏం చేస్తుందో నేర్పడానికి ఇంతకంటే మంచి పాఠం నాకు కనపడలేదు.

ఆఫీసు మెయిళ్ళలో నాకు కోపం తెప్పించేదీ ఇదే. ‘ఇట్ హాజ్ బీన్ డిసైడెడ్’ అని వస్తుంది. నిర్ణయించిందెవరో తెలిస్తేనే కదా వెళ్ళి అడిగేది! అందుకే కాబోలు, 1946లో ఇంగ్లీషు రచయిత జార్జ్ ఆర్వెల్, పని చేసినవాడితో మొదలయ్యే యాక్టివ్ వాక్యం వాడగలిగిన చోట పాసివ్ వాడొద్దని రాశాడు. దాన్ని పట్టుకుని ఇప్పుడు కంప్యూటర్లో కొన్ని సాఫ్ట్‌వేర్లు ప్రతి పాసివ్ కిందా గీత గీస్తున్నాయి. ఆ గీతను చూసి ‘యువర్ ఆర్డర్ హాజ్ బీన్ షిప్డ్’ని మార్చకండి. ఏ గోడౌనులో ఎవరు పెట్టెకు టేపు వేశారో కొనుక్కున్నవాడికి అక్కర్లేదు, పెట్టె బయలుదేరిందా లేదా అన్నదే కావాలి.

తప్పు మీది అయినప్పుడు మాత్రం గీత మాట వినండి. ‘ది ఫైల్ వజ్ డిలీటెడ్’ అని రాస్తే అవతలివాళ్ళు వెంటనే ఎవరని అడుగుతారు, ఇంకో రెండు మెయిళ్ళు నడుస్తాయి. ‘ఐ డిలీటెడ్ ది ఫైల్ బై మిస్టేక్. ఇట్ విల్ బి రీస్టోర్డ్ బై ఫైవ్’ అని రాయండి. మొదటి వాక్యంలో మీరు ఉండాలి, రెండో దాంట్లో ఫైలు ఉండాలి. ఆ చివరి ‘బై’ మనిషిని చెప్పేది కాదు, ఐదింటిలోగా అని.