సమాధానం: మరుగుజ్జుల లిస్టులో గాండాల్ఫ్ ఎందుకున్నాడు?

వోలుస్పా అనే స్కాండినేవియా పురాణ కవిత చదువుతుంటే మరుగుజ్జుల లిస్టులో హాబిట్ నవల్లోని మాంత్రికుడు గాండాల్ఫ్ కనబడ్డాడు, నా కాపీలో తప్పు పడిందా అన్నారు కదా, కాపీ కరెక్టేనండి. ఐస్‌లాండ్‌లో దొరికిన ఆ పాత కవితలో థోరిన్, ఫిలి, కిలి, బోంబుర్, డురిన్ అందరూ ఉంటారు, ఇంగ్లీష్ రచయిత టోల్కీన్ 1937లో వచ్చిన తన హాబిట్ కోసం పేర్లు అక్కణ్ణుంచే ఎత్తేశాడు, మొదటి డ్రాఫ్టులో అయితే గాండాల్ఫ్ అనేది మరుగుజ్జుల నాయకుడి పేరే, తర్వాత మాంత్రికుడికి మార్చాడు. హాబిట్‌లోని మరో మరుగుజ్జు బాలిన్ కోసం మాత్రం వెతక్కండి, అందులో లేడు. ఇంక గాండాల్ఫ్ పెద్ద టోపీ, గడ్డం, చేతికర్ర, ఊళ్ళు పట్టుకు తిరగడం అదంతా స్కాండినేవియా పురాణాల్లోని దేవుడు ఓడిన్ వాలకమే, టోల్కీనే ఒక లెటర్లో ఒప్పుకున్నాడు. మాట్లాడే డ్రాగన్ కావాలంటే ఆ పురాణాల్లోనే ఉన్న ఫాఫ్నిర్ కథ చదవండి, నాకైతే హాబిట్‌లోని డ్రాగన్ స్మాగ్ కన్నా వాడే నచ్చాడు.