పోటీదారుణ్ణి అనుమానించే ముందు, క్లిక్ డబ్బు ఎవరి జేబులోకి వెళ్తోందో చూడండి

చిన్న వ్యాపారానికి గూగుల్‌లో, నొక్కిన ప్రతిసారీ డబ్బు పడే ప్రకటనలు ఇస్తున్నామని, పోటీదారులు దొంగ క్లిక్‌లతో బడ్జెట్ ఖాళీ చేస్తున్నట్టు అనుమానంగా ఉందని, వాటిని అడ్డుకునే సాఫ్ట్‌వేర్‌కు నెలనెలా డబ్బు కట్టవచ్చా అని మీరు అడిగారు. విజయవాడలో పదకొండేళ్లుగా ఏసీ మరమ్మతుల దుకాణం నడుపుతూ, ఒక వేసవి అంతా ఇదే అనుమానంతో నిద్ర పాడుచేసుకున్నవాణ్ణి కాబట్టి, ఇప్పుడే కొనవద్దని నిస్సంకోచంగా చెప్పగలను.

ఆ మే నెలలో ప్రకటనలకు రోజుకు 1,500 రూపాయలు కేటాయించాను. ఉదయం షట్టర్ ఎత్తేసరికే అందులో సగం ఖర్చయిపోయేది, మధ్యాహ్నానికి ప్రకటన ఆగిపోయేది, సాయంత్రం లెక్క చూస్తే వచ్చిన ఫోన్లు రెండో మూడో ఉండేవి. మా వీధి చివర కొత్తగా దుకాణం తెరిచిన వ్యక్తి కుర్రాళ్లను కూర్చోబెట్టి నా ప్రకటనను నొక్కిస్తున్నాడని ఎంత గట్టిగా నమ్మానంటే, వెబ్‌సైట్ సర్వర్ లాగ్ (ఎవరెవరు ఎప్పుడు వచ్చారో నమోదయ్యే చిట్టా) తెప్పించుకుని, రాత్రి పదకొండు దాటాక కౌంటర్ దగ్గర కూర్చుని, ఒకటి కంటే ఎక్కువసార్లు కనిపించిన ప్రతి ఐపీ అడ్రస్‌నూ (ఇంటర్నెట్‌లో ఫోన్‌కో కంప్యూటర్‌కో ఉండే అంకెల చిరునామా) పాత బిల్లు పుస్తకం వెనక పేజీల్లో రాసుకునేవాణ్ణి. గూగుల్ యాడ్స్‌లో ఒక్కో క్యాంపెయిన్‌కు, అంటే ఒకే సెట్టింగ్‌లతో నడిచే ప్రకటనల గుంపుకు, 500 ఐపీ అడ్రస్‌ల వరకు నిషేధించుకోవచ్చు. పది రోజుల్లో నేను 300 దాటాను. ఫోన్లు పెరగకపోగా, పటమటలో ఉండే పాత ఖాతాదారు ఒకాయన ఫోన్ చేసి, “ఏమండీ, ప్రకటనలు ఆపేశారా? మా ఇంట్లో ఎవరి ఫోన్లోనూ మీ పేరు రావడం లేదు” అన్నారు.

నేను రాత్రంతా చేసిన పనికి అర్థం అప్పుడు తెలిసింది. మొబైల్ నెట్‌వర్క్‌లలో ఒకే ఐపీ అడ్రస్‌ను ఎంతోమంది వినియోగదారులు పంచుకుంటారు, పైగా ఒకే ఫోన్‌కు ఈ పూట ఉన్న అడ్రస్ రేపు ఉండకపోవచ్చు. అంటే నేను దొంగ ఇంటి తలుపు అనుకుని తాళం వేసింది మా పేటల తలుపులకే. నిషేధం మీదనే ఆధారపడే సాఫ్ట్‌వేర్ కూడా నా బిల్లు పుస్తకం చేసిన పనినే, కాకపోతే ఇంకా వేగంగా చేస్తుందని నా అభిప్రాయం. ఇంకొక పొరపాటు కూడా బయటపడింది. లాగ్‌లో ఒకే అడ్రస్ ఎనిమిదిసార్లు కనిపిస్తే ఎనిమిది క్లిక్‌లకు డబ్బు పోయిందని లెక్కవేసుకున్నాను గాని, ప్రతి ప్రకటన క్లిక్‌కు జీసీఎల్ఐడీ అనే ప్రత్యేక గుర్తు లింకు చివర వస్తుందని, ఆ ఎనిమిది వరుసల్లోనూ ఒకే గుర్తు ఉన్నప్పుడు అది ఎవరో ఒకే క్లిక్‌తో వచ్చి పేజీని మళ్లీమళ్లీ తెరవడమేనని నాకు తెలియదు.

సెలవులకు హైదరాబాదు నుంచి వచ్చిన మా అక్క కొడుకు నా పుస్తకం చూసి నవ్వలేదు గాని, “మామయ్యా, ఈ క్లిక్ వల్ల డబ్బు ఎవరికి వస్తుంది?” అని అడిగాడు. పోటీదారుడికి రూపాయి కూడా రాదు, నా ప్రకటన కనబడిన యాప్ యజమానికి వస్తుంది. వాడు ప్రకటనలు ఎక్కడ కనిపించాయో తెలిపే నివేదిక తెరిచి చూపిస్తే, పిల్లలు రంగులు వేసే ఆటలు, టార్చ్‌లైట్ యాప్‌లు, పేరు కూడా పలకలేని వెబ్‌సైట్లు వరుసగా కనిపించాయి. మా ప్రకటనలు చూసే ఏజెన్సీ గూగుల్‌లో వెతికేవారికి చూపించే సెర్చ్ క్యాంపెయిన్‌తోపాటు, ఇతరుల యాప్‌లలో, వెబ్‌సైట్లలో చూపించే డిస్‌ప్లే క్యాంపెయిన్ కూడా తెరిచి, రెండింటికీ ఒకే ఉమ్మడి బడ్జెట్ పెట్టింది. ఎవరి పిల్లవాడో ఆట మధ్యలో అడ్డొచ్చిన ప్రకటనను మూయబోయి దాని మీదే వేలు పెట్టడానికి నేను డబ్బు కట్టాను. ఖర్చులో ఇంత శాతం అని ఫీజు తీసుకునే ఏజెన్సీ మన ఖర్చు తగ్గిస్తుందని ఆశించడం నా అమాయకత్వమే.

పెద్ద ఎత్తున జరిగిన మోసాల్లోనూ లెక్క ఇదే. 2021 నవంబరులో అమెరికా ఫెడరల్ కోర్టు అలెగ్జాండర్ జుకోవ్ అనే రష్యన్‌కు పదేళ్ల జైలుశిక్ష వేసింది. అతని ముఠా డేటా సెంటర్లలో సర్వర్లు అద్దెకు తీసుకుని, వేలాది వెబ్‌సైట్ల పేర్లను నకిలీ చేసి, మనుషులే ప్రకటనలు చూస్తున్నట్టు యంత్రాలతో నటింపజేసి 70 లక్షల డాలర్లకు పైగా రాబట్టుకుంది. ఎవరి వ్యాపారాన్నో దెబ్బతీయడం వారి ఉద్దేశం కాదు, ప్రకటన చూపించినందుకు వచ్చే వాటా కావాలి. గూగుల్ సొంత సెర్చ్ పేజీలో అలా వాటా పుచ్చుకునే మూడో మనిషి ఉండడు కాబట్టి, చిన్న వ్యాపారి అక్కడే ఉండిపోవడం మేలని నేను వాదిస్తాను. పోటీదారులు నొక్కనే నొక్కరని అనను. నివేదికలో చెల్లని క్లిక్‌ల కాలమ్‌ను మనమే చేర్చుకుని చూస్తే, గూగుల్ తనంతట తానే పట్టుకుని డబ్బు వసూలు చేయని క్లిక్‌లు కనిపిస్తాయి.

రోజు బడ్జెట్‌కు రెట్టింపు ఖర్చయిందని మోసం మోసమని కేకలు వేసేవారిని చూస్తే నాకు చిరాకు వేస్తుంది. ఒక రోజున రెట్టింపు వరకు ఖర్చుచేసి, నెల మొత్తానికి రోజు బడ్జెట్‌కు 30.4 రెట్లు దాటకుండా చూడడం గూగుల్ యాడ్స్ బహిరంగంగా రాసిపెట్టుకున్న నియమం.

నేను డిస్‌ప్లే క్యాంపెయిన్‌ను ఆపేసి, సెర్చ్ భాగస్వామి సైట్ల (గూగుల్ సెర్చ్ ప్రకటనలను తమ పేజీల్లో చూపించే ఇతర సైట్ల) టిక్కును కూడా తీసేశాను. ప్రాంతం విషయంలో, విజయవాడపై ఆసక్తి ఉన్నవారికి కూడా చూపించే ఎంపికను వదిలి, ఊళ్లో ఉన్నవారికే చూపించమన్నాను. ఇందులో కొంత నష్టం ఉంది, ఎందుకంటే బెంగళూరులోనో డల్లాస్‌లోనో ఉన్న కొడుకు, ఇక్కడ ఒంటరిగా ఉన్న తల్లిదండ్రుల ఏసీ కోసం అక్కడి నుంచే వెతుకుతాడు, డబ్బు దగ్గర బేరమాడడు కూడా. అలాంటివారికోసం రోజుకు 100 రూపాయలతో వేరే క్యాంపెయిన్ ఉంచాను.

మీరు వెబ్‌సైట్‌లో ఫారమ్ నింపడాన్ని విజయంగా లెక్కిస్తుంటే, దాన్ని మాత్రం ఈ రోజే ఆపండి. బాట్లు, అంటే మనుషుల్లా నటించే ప్రోగ్రాములు, కూడా ఫారమ్‌లు నింపుతాయి, క్లిక్‌కు ఎంత పెట్టాలో గూగులే నిర్ణయించే ఆటోమేటిక్ బిడ్డింగ్ వాటినే మంచి గిరాకీ అనుకుని అలాంటివే ఇంకా తెచ్చిపెడుతుంది. నేను ఫోన్ కాల్‌నే లెక్కిస్తాను, అది కూడా 90 సెకన్లు దాటితేనే. గ్యాస్ నింపడానికి ఎంతని అడిగి పెట్టేసేవారు ఆలోపే వెళ్లిపోతారు, మెకానిక్‌ను పంపమనేవారు ఇంటి గుర్తులు చెప్పడానికే రెండు నిమిషాలు తీసుకుంటారు.