డ్రాఫ్ట్ రూల్స్ మీద అభ్యంతరం రాస్తే ఉపయోగం ఉంటుందా?

ప్రభుత్వం ఖరారు చేసేముందు జనం ముందు పెట్టే డ్రాఫ్ట్ రూల్స్ (ముసాయిదా) మీద మామూలు రైతు రాసే అభ్యంతరాన్ని ఎవరైనా చదువుతారా, లేక తర్వాత పార్లమెంటే చూసుకుంటుందా అని అడిగారు. పార్లమెంటు చూసుకుంటుందని మాత్రం ఆగకండి. మాది రాజోలు దీవి, నాకు ఎదురైంది చెబుతాను.

తీర ప్రాంత మ్యాపు ముసాయిదాలో మా ఊరి మురుగు కాలవకి పోటు తగలదన్నట్టు చూపించారు. తీరం వెంబడి పనుల్ని నియంత్రించే సీఆర్‌జెడ్ (కోస్టల్ రెగ్యులేషన్ జోన్) నిబంధన చూస్తే, బాగా ఎండిన రోజుల్లో కొలిచినప్పుడు నీటిలో ఉప్పు వెయ్యికి 5 పాళ్లుంటే అక్కడిదాకా పోటు ఉన్నట్టే లెక్క. ఆగస్టులో ఆ నీళ్లు గేదెలు తాగుతాయి. దాళ్వా కోతలయ్యి కాలవలు కట్టేశాక నోట్లో పోసుకోలేం. అందుకని మే నెలలో, పౌర్ణమి పోటు ఎక్కిన వేళ సీసాతో నీళ్లు పట్టి, రొయ్యల రైతులు వెళ్లే ల్యాబ్‌లో ఇచ్చాం. వెయ్యికి 11 పాళ్లు వచ్చింది.

అంతకుముందు ‘మా పొలాలు పాడైపోతాయి’ అని రాసిన అర్జీకి జవాబే లేదు. ఈసారి ఒక్క పేజీలో సర్వే నంబరు, తేదీ, ల్యాబ్ కాగితం, నిబంధనలోని ఆ వాక్యం పెట్టి, తేదీ ముద్ర వేయించుకున్నాం. తుది మ్యాపులో వంతెన దాకా పోటు ఉన్నట్టు గుర్తించారు. ఎగువ భాగం కోసం మళ్లీ రాశాం.

ఇక పార్లమెంటు సంగతి. 1986 పర్యావరణ చట్టం కింద చేసిన రూల్స్‌ని ఉభయ సభల ముందు మొత్తం 30 రోజులు ఉంచాలి. రెండు సభలూ ఒప్పుకుంటేనే మారుతాయి. ఈలోగా రూల్ అమల్లోనే ఉంటుంది, దాని కింద అప్పటికే జరిగిన పనులు చెల్లుతాయి. ఇలాంటి రూల్స్‌ని పరిశీలించడానికి లోక్‌సభలో 1953 నుంచి ఓ కమిటీ (సబార్డినేట్ లెజిస్లేషన్ కమిటీ) ఉంది. 15 మంది సభ్యులు, మంత్రులు ఉండరు. రూల్ చట్టం ఇచ్చిన అధికారాన్ని దాటిందా అన్నదే వాళ్లు ముఖ్యంగా చూస్తారు. మన కాలవ సంగతి వాళ్ల దాకా పోదు. మీ రూల్ నిజంగా చట్టాన్ని దాటిందనిపిస్తే మాత్రం ఆ కమిటీకీ, మీ ఎంపీకీ తప్పకుండా రాయండి.

నాకు ఇప్పటికీ కడుపు మండేది భాష గురించే. మాకిచ్చిన మ్యాపూ, వివరాలూ అన్నీ ఇంగ్లీషే. 2020లో ఈఐఏ (ప్రాజెక్టుల వల్ల పర్యావరణంపై పడే ప్రభావం అంచనా) ముసాయిదాను రాజ్యాంగం ఎనిమిదో షెడ్యూలులోని 22 భాషల్లోకీ అనువదించమని ఢిల్లీ హైకోర్టు ఆదేశించింది. ఆ మాట చెప్పి, మొదటి వారంలోనే తెలుగు ప్రతి రాతపూర్వకంగా అడగండి. 1986 పర్యావరణ చట్టం కింద అభ్యంతరాలకు ఉండేది 60 రోజులే, అదీ గెజిట్‌లో అచ్చైన రోజు నుంచి.